రాత్రి పదకొండింటి వరకు స్టడీ అవర్: వార్డెన్‌గా నా చేతిలో ఉన్నదేమిటి?

మూడో అంతస్తు | శనివారం, రాత్రి 9:20

నమస్కారం. ప్రైవేటు రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో బాలికల హాస్టల్ వార్డెన్‌గా పనిచేస్తున్నాను. ఊరు, కాలేజీ పేరు చెప్పను. ఉద్యోగం అవసరం. నా బాధ్యత మూడో అంతస్తు. 62 మంది, అందరూ ఇంటర్ రెండో సంవత్సరం. ఎంపీసీ వాళ్లూ బైపీసీ వాళ్లూ కలిసే ఉంటారు.

మా దినచర్య ఇది. తెల్లవారుజామున 4:30కి బెల్లు. 6 నుంచి 7:30 వరకు స్టడీ. టిఫిను. 8:30 నుంచి ఒంటిగంట వరకు తరగతులు, భోజనం తర్వాత మళ్లీ 2 నుంచి 5 వరకు. 5 నుంచి 6 వరకు విరామం అని కాగితం మీద ఉంటుంది. బట్టలు ఉతుక్కోవడం, ఇంటికి ఫోను చేయడానికి వరుసలో నిలబడడం, జడ వేసుకోవడం అన్నీ ఆ గంటలోనే. 6 నుంచి 8 స్టడీ, భోజనం, 9 నుంచి 11 మళ్లీ స్టడీ. ఆదివారం ఉదయం మూడు గంటల పరీక్ష.

మొన్న బుధవారం రాత్రి పదిన్నరకు స్టడీ హాల్లో తిరుగుతున్నాను. మూడో వరుసలో ఒక అమ్మాయి ముందు పుస్తకం తెరిచి ఉంది, కళ్లూ తెరిచే ఉన్నాయి. చాలాసేపు పక్కనే నిలబడ్డాను. పేజీ తిరగలేదు. "ఏం చదువుతున్నావమ్మా?" అని అడిగాను. ఆ పిల్ల జవాబు చెప్పడానికి పుస్తకం మూసి అట్ట మీద పేరు చూసుకుంది.

అప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. ఇన్నాళ్లూ నేను చదివిస్తున్నాననుకున్నాను. కాపలా కాస్తున్నానని ఇప్పుడు అర్థమైంది.

ప్రిన్సిపాల్ గారిని కదిలిస్తే "మార్చండి, కానీ ఫలితం తగ్గకూడదు" అన్నారు. తరగతులు నా పరిధిలో లేవు. హాస్టల్లో నా చేతిలో ఉన్నంత వరకు ఏం చేయవచ్చో అనుభవమున్న వారు చెప్పగలరా?

కందిచేను | శనివారం, రాత్రి 10:05

మేడమ్, కోపగించుకోకండి. నా కూతురు కూడా ఇలాంటి హాస్టల్లోనే చదువుతోంది. లక్షా అరవై వేలు కట్టాను, అందులో సగం అప్పు. నాకున్నది నాలుగెకరాలు. నేను పొలానికి పోయాను కాబట్టి చదువు రాలేదు, నా బిడ్డ పొలానికి రాకూడదనే ఈ తిప్పలన్నీ. రెండేళ్లు కష్టపడితే జీవితమంతా సుఖంగా ఉంటుందని అక్కడి వాళ్లే చెప్పారు. ఇప్పుడు మీలాంటి వారు పిల్లలకు నిద్ర సరిపోవడం లేదని జాలిపడితే, రేపు సీటు రాకపోయినప్పుడు ఆ జాలి ఎవరికి పనికొస్తుంది? నిద్ర ఇంటికొచ్చాక కూడా పోవచ్చు.

బైపీసీ 2023 | శనివారం, రాత్రి 10:31

నేను అలాంటి హాస్టల్ నుంచే వచ్చాను మేడమ్. మీరు చూసిన అమ్మాయి ఇంకా నేర్చుకోలేదు. మేమైతే పెన్ను కదుపుతూ నిద్రపోయేవాళ్లం. నోట్సు నిండా గీతలుండేవి, అక్షరాలుండేవి కావు. ఫ్లోర్ ఇన్‌చార్జి దూరం నుంచి చూస్తే అందరం రాస్తున్నట్టే కనిపించేది.

ఒక సంగతి అప్పుడు నాకెవరూ చెప్పలేదు, లాంగ్‌టర్మ్‌లో (సీటు రానివాళ్లు మరో ఏడాది తీసుకునే కోచింగ్) చేరాక తెలిసింది. నీట్ మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు. 180 ప్రశ్నలు, 180 నిమిషాలు. మా తరగతిలో ఎప్పుడూ అందరూ తూగేది సరిగ్గా ఆ వేళలోనే. తెల్లవారుజామున లేచి, కడుపునిండా అన్నం తిని, ఫ్యాను కింద కూర్చుంటే ఎవరైనా తూగుతారు. అంటే రెండేళ్లపాటు రోజూ పరీక్ష వేళకు నిద్రపోవడమే సాధన చేశామన్నమాట.

మొదటిసారి రాలేదు. లాంగ్‌టర్మ్‌లో మా పెద్దమ్మ ఇంట్లో ఉండి వెళ్లాను. పదింటికి పడుకునేదాన్ని. ఇప్పుడు ఎంబీబీఎస్ చదువుతున్నాను. నిద్ర వల్లే సీటు వచ్చిందనడం లేదు, రెండోసారి కాబట్టి సిలబస్సూ తెలిసినదే. కానీ ఆ ఏడాది నాకు చదివింది గుర్తుండేది.

నిశాచరుడు | శనివారం, రాత్రి 11:48

పెన్ను కదుపుతూ నిద్రపోవడం! మా హాస్టల్లో దాన్ని "ఈసీజీ తీయడం" అనేవాళ్లం.

నిద్రగన్నేరు | ఆదివారం, ఉదయం 7:10

మానసిక వైద్యుణ్ణి. నా దగ్గరికి వచ్చే ఇంటర్ పిల్లల్లో చాలామంది చెప్పే మొదటి మాట "చదివింది గుర్తుండడం లేదు డాక్టర్" అన్నదే. రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నావంటే ఐదు, ఐదున్నర.

13 నుంచి 18 ఏళ్ల వయసువారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలన్నది వైద్యులు అంగీకరించిన లెక్క. అది విలాసం కాదు. పగలు చదివింది మెదడులో స్థిరపడేది నిద్రలోనే. నిద్ర కోసినవాళ్లు చదువుకు సమయం సంపాదించలేదు, చదివిందాన్ని పారబోసుకున్నారు.

ఇంకొకటి. యుక్తవయసులో శరీర గడియారమే కొంచెం వెనక్కి జరుగుతుంది. నిద్ర తెప్పించే మెలటోనిన్ చిన్నపిల్లల కంటే వీరిలో ఆలస్యంగా విడుదలవుతుంది. అందుకే రాత్రి తొమ్మిదికి పడుకోబెట్టినా నిద్ర రాదు, తెల్లవారుజామున నాలుగున్నరకు లేపితే మెలకువా రాదు. బ్రాహ్మీముహూర్తం మంచిదే, దానికి ముందు ఎనిమిదింటికే పడుకునే ఊరు ఉండాలి. జాగారమైతే మన పెద్దలు ఏడాదికి ఒక్క రాత్రే పెట్టారు.

మేడమ్, రాత్రి 11 నుంచి 4:30 అంటే ఐదున్నర గంటలు. ఎనిమిది కుదరదని నాకు తెలుసు. ఆరున్నరకు తేగలిగినా మేలే. ముందు అది చూడండి, ఆటలూ యోగా కౌన్సెలింగూ తర్వాత.

కందిచేను గారికి: మీ అప్పు నిజం, మీ భయం నిజం. కానీ నిద్ర అప్పు కూడా వడ్డీతో పెరుగుతుంది. సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు మీ అమ్మాయి మొదటి రెండు రోజులు ఎలా ఉంటుందో గమనించండి.

విశ్రాంత లెక్చరర్ | ఆదివారం, ఉదయం 11:25

ముప్పై ఒక్క ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పాను. మొదట ప్రభుత్వ కళాశాలలో, రిటైరయ్యాక నాలుగేళ్లు కార్పొరేట్‌లో. రెండు చోట్లా తిన్నాను కాబట్టి రెండు వైపులా చెబుతాను.

మన స్టడీ అవర్ కొలిచేది పిల్లవాడు కుర్చీలో ఎంతసేపు ఉన్నాడన్నదే. పుస్తకాన్ని మళ్లీ మళ్లీ చూడడం చాలా హాయిగా ఉంటుంది, ఎందుకంటే చూసిన ప్రతిదీ తెలిసినట్టే అనిపిస్తుంది. అది తెలియడం కాదు, పరిచయం. దారిన పోయే మనిషి ముఖం గుర్తుపట్టడం వేరు, పేరు పెట్టి పిలవగలగడం వేరు.

జర్మనీలో ఎబ్బింగ్‌హాస్ అనే ఆయన అర్థం లేని అక్షరాల వరుసలు తనే కంఠస్థం చేసి, ఎన్ని గంటలకు ఎంత మరిచిపోతున్నాడో లెక్క కట్టి 1885లో అచ్చు వేశాడు. మరపు మొదటి రోజే ఎక్కువ అని తేల్చాడు. 2006లో రోడిగర్, కార్పికె అనే అమెరికా పరిశోధకులు ఇంకో అడుగు వేశారు. ఒక పాఠాన్ని కొందరితో పదే పదే చదివించారు, కొందరితో ఒకసారి చదివించి చూడకుండా రాయించారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే పదే పదే చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత అడిగితే చూడకుండా రాసినవాళ్లు ముందున్నారు.

ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. మా వీధిబడి పంతులు గారికి వాళ్ల పేర్లేవీ తెలియవు. కానీ ప్రతి పొద్దునా నిన్నటి పాఠం ఒప్పజెప్పిన తర్వాతే కొత్తది మొదలుపెట్టేవాడు. ఒప్పజెప్పడాన్ని మనం బట్టీతో కలిపి పారేశాం. బట్టీ అంటే అర్థం లేకుండా లోపలికి కుక్కడం. ఒప్పజెప్పడమంటే లోపల ఉన్నదాన్ని బయటికి తీయగలగడం. ఆ రెండోదే పరీక్ష హాల్లో కావలసింది.

మేడమ్, రాత్రి స్టడీలో చివరి అరగంట పుస్తకాలు మూయించండి. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి ఆ రోజు చదివిందాంట్లో ఒక్క విషయం ఒకరికొకరు ఒప్పజెప్పుకోమనండి. గోల అవుతుంది. కానివ్వండి. నిశ్శబ్దంగా ఉన్న హాలు చూస్తే మేనేజ్‌మెంటుకు ముచ్చటే గాని, డౌటు అడగడానికి పక్కవాడి వైపు తిరిగితే తప్పయ్యే చోట చదువు ఎలా ఒంటబడుతుంది?

పాత గురుకులం | ఆదివారం, మధ్యాహ్నం 1:40

హాస్టలు అనగానే ఇలాగే ఉంటుందని ఇప్పటివాళ్లు అనుకోవడం బాధగా ఉంది. 1971లో పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు అప్పటి నల్లగొండ జిల్లా సర్వేలులో మొదటి గురుకుల పాఠశాల పెట్టారు. మరుసటి ఏడే తాడికొండ, కొడిగెనహళ్లి వచ్చాయి. వాటిని చూసే తర్వాత ఎన్నో గురుకులాలు పుట్టాయి, నేను చదివింది అలాంటి ఒకదానిలో. మాకూ తెల్లవారుజామున లేవడం ఉండేది, మాకూ స్టడీ ఉండేది. కానీ సాయంత్రం ఆటల గంటకు గదిలో దొరికితే దెబ్బలు పడేవి. చదువుకుంటున్నాను సార్ అన్నా ఊరుకునేవారు కాదు. పదో తరగతిలోనూ అంతే.

మాలో చాలామంది ఇప్పుడు మంచి స్థితిలో ఉన్నారు. ఆటల వల్లనా, మంచి ఉపాధ్యాయుల వల్లనా, ఏరి తీసుకున్న పిల్లలవడం వల్లనా అంటే విడదీసి చెప్పలేను. ఒక్కటి మాత్రం చెప్పగలను. కబడ్డీలో ఓడిపోయి వచ్చినవాడికి లెక్కల్లో ఓడిపోవడం ప్రపంచం మునిగినట్టు అనిపించదు.

నిశాచరుడు | సోమవారం, రాత్రి 1:15

ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. మా హాస్టల్లో సమస్య తిరగబడింది. ఇక్కడ స్టడీ అవరూ లేదు, బెల్లూ లేదు. ఎవరూ అడగరు. మొదటి సెమిస్టరులో మా బ్లాకులో ఎక్కువ బ్యాక్‌లాగులు వచ్చింది ఎవరికో తెలుసా? ఇంటర్లో అందరికంటే కట్టుదిట్టమైన హాస్టళ్ల నుంచి వచ్చినవాళ్లకు. అందులో నేనూ ఒకణ్ణి. మూడు సబ్జెక్టులు పోయాయి.

రెండేళ్లు బెల్లు కొడితే లేచాను, బెల్లు కొడితే కూర్చున్నాను, ఏ పుస్తకం తీయాలో కూడా బోర్డు మీద రాసి ఉండేది. బెల్లు లేని చోట ఏం చేయాలో నాకు నిజంగా తెలియలేదు. సాయంత్రం ఆరుకు గదిలోకి వచ్చి తెల్లవారే వరకు ఫోను చూసిన రోజులున్నాయి. చెడిపోయానని ఇంట్లో అన్నారు. చెడిపోలేదు, నా సమయాన్ని నేను పంచుకోవడం ఎప్పుడూ చేయలేదు, అంతే.

మేడమ్, వారంలో ఒక్క గంటైనా పిల్లలకు వదిలేయండి. ఏం చదవాలో, అసలు చదవాలో వద్దో వాళ్లనే తేల్చుకోమనండి. మొదట వృథా చేస్తారు. పదిహేడేళ్లకు ఒక గంట వృథా చేసి నేర్చుకోవడం, పందొమ్మిదేళ్లకు ఒక సెమిస్టరు వృథా చేసి నేర్చుకోవడం కంటే చవక.

కందిచేను | సోమవారం, ఉదయం 6:30

బాబూ, రాత్రి ఒంటిగంటకు రాశావు. నిద్ర గురించి చెప్పే చర్చలో.

నిశాచరుడు | సోమవారం, ఉదయం 10:50

పెదనాన్నా, పేరులోనే ఒప్పుకున్నాను కదా.

పాత ఫైలు | సోమవారం, సాయంత్రం 5:15

న్యాయవాదిని. పైన ఎవరూ చట్టం సంగతి ఎత్తలేదు. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. రోజుకు ఐదు గంటలకు మించి తరగతులు ఉండకూడదు, మరీ తెల్లవారుజామున గానీ రాత్రి పొద్దుపోయాక గానీ పెట్టకూడదు, వారానికి ఒకరోజు సెలవు ఇవ్వాలి, ఆ సెలవు మరునాడు పరీక్ష పెట్టకూడదు. మేడమ్ గారి కాలేజీలో ఆదివారమే పరీక్ష. ఒక్క ఫిర్యాదు చాలు.

విశ్రాంత లెక్చరర్ | సోమవారం, సాయంత్రం 6:02

ఆగండి న్యాయవాది గారూ. అవి కోచింగ్ కేంద్రాలకు. ఈమెది జూనియర్ కాలేజీ, ఇంటర్ బోర్డు గుర్తింపు ఉన్నది. ఆ ఐదు గంటల లెక్క పట్టుకెళితే మేనేజ్‌మెంటు ఈమెనే ఇంటికి పంపుతుంది.

పాత ఫైలు | సోమవారం, సాయంత్రం 7:30

ఒప్పుకుంటున్నాను, తొందరపడ్డాను. అయితే ఇది చూడండి, ఇది కాలేజీలకూ హాస్టళ్లకూ కూడా వర్తిస్తుంది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు ఇస్తూ 15 మార్గదర్శకాలు జారీ చేసింది. తగిన చట్టం వచ్చే వరకు అవి దేశమంతటా అమల్లో ఉంటాయని చెప్పింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలర్ కనీసం ఒకరుండాలి. మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడగొట్టడం, నలుగురిలో అవమానించడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం వీలైనంతవరకు మానుకోవాలి. సహాయ ఫోను నంబర్లు హాస్టల్లో అందరికీ కనబడేలా పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి.

మేడమ్, చివరిది మీరు ఎవరినీ అడగకుండానే చేయవచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలిమానస్ నంబరు 14416. డబ్బులు పడవు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

నిద్రగన్నేరు | సోమవారం, రాత్రి 8:05

ఆ నంబరు ఫోను పక్కనే రాయండి మేడమ్. నోటీసు బోర్డు మీద రాస్తే అందరి ముందూ నిలబడి రాసుకోవాలి. ఎవరూ రాసుకోరు.

మూడో అంతస్తు | సోమవారం, రాత్రి 11:25

ఇప్పుడే స్టడీ అవర్ ముగించి వచ్చాను. అన్నీ చదివాను. నలుగురిలో అవమానించకూడదని పాత ఫైలు గారు చెప్పింది గుచ్చుకుంది, మా ర్యాంకు షీటు గుర్తొచ్చింది. మా దగ్గర ఆదివారం పరీక్ష ఫలితాలు మంగళవారం మెస్ తలుపు మీద అతికిస్తారు, మొదటి పేరు నుంచి చివరి పేరు వరకు. చివరి పది మంది ఆ రోజు అన్నానికి ఆలస్యంగా వస్తారు, జనం తగ్గాక. కొందరు రారు. ఆకలి లేదంటే నమ్మేదాన్ని.

షీటు తీసేసే అధికారం నాకు లేదు. మెస్ తలుపు మీద నుంచి ఆఫీసు గదిలోకి మార్చే అధికారం ఉంది, తలుపు మా హాస్టల్‌ది కాబట్టి. రేపు మారుస్తాను.

డాక్టర్ గారు చెప్పినట్టు ముందు నిద్ర చూడాలనుకుంటున్నాను. రాత్రి అరగంట తగ్గించడానికి ప్రిన్సిపాల్ గారిని ఒప్పించవచ్చు. తెల్లవారుజామున మాత్రం దారి కనిపించడం లేదు.

సిమెంటు రంగు | మంగళవారం, ఉదయం 8:20

సివిల్ ఇంజినీరుని, చదువు గురించి మాట్లాడే అర్హత లేదు. ఒక్క ప్రశ్న. స్టడీ ఆరింటికి మొదలవుతుంటే నాలుగున్నరకు ఎందుకు లేపుతున్నారు? గంటన్నర ఏం చేస్తారు?

మూడో అంతస్తు | మంగళవారం, మధ్యాహ్నం 2:10

స్నానాలండి.

సిమెంటు రంగు | మంగళవారం, మధ్యాహ్నం 2:25

మీ అంతస్తులో బాత్‌రూములు ఎన్ని?

మూడో అంతస్తు | మంగళవారం, మధ్యాహ్నం 2:40

పది. రెండింటికి తలుపు గడియ లేదు, ఎవరూ వెళ్లరు. ఎనిమిది.

సిమెంటు రంగు | మంగళవారం, మధ్యాహ్నం 3:05

లెక్క వేయండి మేడమ్. 62 మంది, ఎనిమిది బాత్‌రూములు. అంటే ఎనిమిది విడతలు. మనిషికి పది నిమిషాలు వేసుకుంటే 80 నిమిషాలు. నాలుగున్నరకు బెల్లు కొడితే చివరి పిల్ల బయటికి వచ్చేసరికి ఐదు యాభై. మీ టైమ్‌టేబుల్ వేసింది ప్రిన్సిపాల్ కాదు, ప్లంబరు. పిల్లలను తెల్లవారుజామున లేపుతున్నది చదువు కోసమని అందరూ అనుకుంటున్నారు, నిజానికి వరుసలో నిలబెట్టడానికి.

సగం మంది సాయంత్రం స్నానం చేస్తే ఉదయం విడతలు నాలుగే. 40 నిమిషాలు. బెల్లు 5:10కి కొట్టవచ్చు. ఆ రెండు గడియలు బిగించడానికి ఎవరి అనుమతీ అక్కరలేదనుకుంటాను, బజారులో దొరుకుతాయి.

విశ్రాంత లెక్చరర్ | మంగళవారం, సాయంత్రం 4:00

ముప్పై ఒక్క ఏళ్లలో నాకు తట్టని ప్రశ్న ఇది. ఏ తనిఖీలో అయినా పరీక్షా ఫలితాలు అడిగాం, గ్రంథాలయంలో పుస్తకాలు లెక్కపెట్టాం. బాత్‌రూములు లెక్కపెట్టలేదు.

ఆస్టిన్ ఆవకాయ | మంగళవారం, రాత్రి 9:50

నేను అమెరికాలో ఎమ్మెస్ చేసి ఇక్కడే ఉన్నాను. మా విశ్వవిద్యాలయం హాస్టల్లో వార్డెన్ ఉండేవారు కాదు. ప్రతి అంతస్తుకూ ఒక సీనియర్ విద్యార్థి ఉండేవాడు, ఆ పనికి బదులుగా అతనికి గది ఉచితం. చదివించడం అతని పని కాదు. రాత్రి ఫలానా వేళ తర్వాత గోల లేకుండా చూడడం, దిగులుగా ఉన్నవాడి తలుపు తట్టడం, అంతే. పరీక్షల వారంలో ఇరవై నాలుగు గంటలూ నిశ్శబ్దం పాటించాలి. ఎవరు చదివినా ఎవరు పడుకున్నా వాళ్ల ఇష్టం. ఆ పద్ధతి మనం తెచ్చుకుంటే బాగుంటుంది.

బైపీసీ 2023 | మంగళవారం, రాత్రి 10:12

అక్కడ ఉండేది పద్దెనిమిది దాటినవాళ్లు అన్నా, తాళం వాళ్ల చేతుల్లోనే ఉంటుంది. ఇక్కడ పదహారేళ్ల పిల్లలు, గేటుకు బయట తాళం. అయినా సీనియర్ అన్న మాట నచ్చింది. మా హాస్టల్లో లాంగ్‌టర్మ్ అక్క ఒకరు ఉండేవారు. నాకు జ్వరం వచ్చిన సంగతి వార్డెన్ కంటే ముందు ఆవిడకే తెలిసింది.

మూడో అంతస్తు | ఆరు వారాల తర్వాత, ఆదివారం సాయంత్రం 6:15

ఏం జరిగిందో చెబుతానని అనుకుని ఇన్నాళ్లూ జాప్యం చేశాను. సగం జరిగింది, సగం జరగలేదు.

సాయంత్రం స్నానం అనగానే మొదటి అభ్యంతరం అమ్మల నుంచి వచ్చింది. రాత్రిపూట నీళ్లు పోసుకుంటే జలుబు చేస్తుంది, తడి జుట్టుతో పడుకుంటే తలనొప్పి వస్తుంది, ఎవరిని అడిగి పెట్టారు అని ఒకే రోజు పదకొండు ఫోన్లు. తలస్నానం ఆదివారం మధ్యాహ్నమే, సాయంత్రం ఒంటికి మాత్రమే, అదీ ఇష్టమైనవాళ్లకే అని సర్దిచెప్పాను. 31 మంది అనుకుంటే 27 మంది ముందుకొచ్చారు. గడియలు ఇంకా పెట్టలేదు, పెట్టిస్తామన్నారు. కాబట్టి ఉదయం 35 మంది, ఎనిమిది బాత్‌రూములు, ఐదు విడతలు, 50 నిమిషాలు. బెల్లు ఇప్పుడు ఐదింటికి. సాయంత్రం వాళ్లను వరండా చివరి గదుల్లోకి మార్చాను, బకెట్ల చప్పుడు అంతగా వినపడదు. వాళ్లు 5:30 వరకు పడుకుంటున్నారు. అది చూసి ఇంకో నలుగురు పేర్లు ఇచ్చారు.

వేడినీళ్ల గురించి భయపడ్డాను గానీ, మా మిద్దె మీద ఉన్నది సోలార్ హీటరు. పగలంతా కాగిన నీళ్లు సాయంత్రమే బాగా వేడిగా ఉంటాయి, ఉదయానికి చల్లారిపోతాయి. ఇన్నేళ్లూ ఆ వేడి ఎవరికీ అందలేదు.

రాత్రి పదిన్నరకు దీపాలు ఆర్పడానికి అర్ధ సంవత్సర పరీక్షల వరకు అనుమతి ఇచ్చారు. మొదటి ఆదివారం పరీక్షలో సగటు కొంచెం తగ్గింది. ప్రిన్సిపాల్ గారు పిలిపించారు. ఇంకో రెండు వారాలు చూడమని అడిగాను. తర్వాత మళ్లీ పాత చోటికి వచ్చింది, పెరగలేదు. ఆయన ఇప్పుడు ఏమీ అనడం లేదు, అంతవరకే.

ఒప్పజెప్పుకునే అరగంట పది నుంచి పదిన్నర వరకు. మొదటి వారం కబుర్లే. రెండో వారం నుంచి ఒక వింత చూశాను. పై సెక్షన్ అమ్మాయి ఒకతె కింది సెక్షన్ అమ్మాయి దగ్గర జన్యుశాస్త్రం చెప్పించుకుంటోంది. తరగతిలో ఇద్దరూ వేర్వేరు గదులు, ఒకరి పేరు ఒకరికి తెలియదు. కోర్టు వద్దన్న విభజన పగలంతా ఉంది, రాత్రి ఆ అరగంట లేదు.

సొంత గంట ఇవ్వలేకపోయాను. మేనేజ్‌మెంటు వారు "ఖాళీ" అన్న మాట వింటేనే ఉలిక్కిపడ్డారు. ఆటల గంటా అంతే. ఉన్న మైదానంలో కొత్త బ్లాకు పునాదులు తీశారు.

పుస్తకం అట్ట చూసిన అమ్మాయి సంగతి కొందరు విడిగా అడిగారు. డాక్టర్ గారి సలహా మీద వాళ్ల నాన్నగారిని పిలిపించి మాట్లాడాను. పది రోజులు ఇంటికి వెళ్లి వచ్చింది. సాయంత్రం స్నానం జాబితాలో మొదటి పేరు తనదే. ఇంతకంటే రాయడం ఆ పిల్లకు న్యాయం కాదు.

నిశాచరుడు | ఆదివారం, రాత్రి 9:05

సొంత గంట రాకపోయినా పర్వాలేదు మేడమ్. పదిన్నర తర్వాత చీకట్లో పక్క మంచం వాళ్లతో మాట్లాడుకునే పావుగంట ఉంటుంది కదా, దాన్ని పట్టుకోవద్దు.

మూడో అంతస్తు | ఆదివారం, రాత్రి 10:40

టార్చిలైటు తీసుకెళ్లడం మానేశాను.

కందిచేను | సోమవారం, ఉదయం 5:50

నేను ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. ఈ మార్పులన్నీ సీటు వచ్చాక చూద్దాం.

నిన్న ఆదివారం మా అమ్మాయిని చూడడానికి వెళ్లాం. పరీక్ష రాసి ఒంటిగంటకు బయటికి వచ్చింది. వాళ్లమ్మ పులిహోర, గారెలు తెచ్చింది. చెట్టు కింద కూర్చుని నాలుగు ముద్దలు తిని, నా తొడ మీద తల పెట్టి పడుకుంది. ఎన్ని మార్కులు వస్తాయో అడుగుదామనుకున్నాను. పులిహోరలో ఉప్పు సరిపోయిందో లేదో వాళ్లమ్మ అడుగుదామనుకుంది. ఐదింటికి గేటు మూసే వేళ వరకు లేవలేదు. మేమూ లేపలేదు.

వచ్చేటప్పుడు గేటు దగ్గర వార్డెన్‌ని ఒక్క మాట అడిగాను. యాభై మందికి ఐదు బాత్‌రూములట.

సిమెంటు రంగు | సోమవారం, ఉదయం 6:10

పది విడతలు. వంద నిమిషాలు.

కందిచేను | సోమవారం, ఉదయం 6:14

అదే లెక్క వేశాను. బస్సులో వచ్చేటప్పుడు.